అరికాలి దురద

ముందుగా మీ మన్నింపు అడుగుతున్నాను. అక్షరాలు నా చేతికి వచ్చేసరికి తల సగం నెరిసిపోయింది. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పరుపు కుట్టినంత సేపు పడుతుంది. వత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. తప్పు కనిపించిన చోట మీరే దిద్దుకుని చదవండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

ఒక వీధి చివర రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డు ఉండేది. నలిగి, గుంటలు పడి, ఎవరి నడుమునూ మోయలేని స్థితికి వచ్చిన పాత పరుపులన్నీ అక్కడికి చేరేవి. వాటిని విప్పి, దూది తీసి, మిషను మీద ఏకి, ఎండబెట్టి, కొత్త గుడ్డలో కూరి కుట్టిచ్చేవాళ్ళు. షెడ్డు అత్తది. ఆమెకున్నది ఒక్క కోడలే అయినా పనివాళ్ళూ, పరుపులు తెచ్చేవాళ్ళూ, ఆఖరికి టీ ఇచ్చిపోయే మనిషీ ఆమెను అత్తా అనే పిలిచేవాళ్ళు. ఆమె మొగుడు పెద్దాయన వ్యానులో పరుపులు తెచ్చి, అయినవి దింపి వచ్చేవాడు. కొడుకు ఏకుడు మిషను దగ్గర ఉండేవాడు. కోడలు ముందు గదిలో కుట్టుమిషను మీద పరుపు గుడ్డలు కుట్టేది. లోపల దూది జరిగిపోకుండా పరుపుకు అడ్డంగా దారం గుచ్చి గుండీలు బిగించే పని ఒక ముసలామెది. ఆమెను గుండీలమ్మ అనేవాళ్ళు.

షెడ్డులో అత్త మాటకు తిరుగులేని సంగతులు రెండు ఉండేవి.

మొదటిది బూట్లు. పరుపులు కుట్టే దబ్బనం కింద పడితే దూదిలో కలిసిపోతుంది. మళ్ళీ అది దొరికేది ఎవరి కాలికో గుచ్చుకున్నాకే. అందుకని మందపాటి అడుగున్న మూసిన బూట్లు లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు. మేజోళ్ళు కూడా ఉండాల్సిందే.

రెండోది దురద. ఏళ్ళ తరబడి మనుషులు పడుకున్న పరుపు విప్పితే లోపలి నుంచి లేచే దుమ్ము అంతా ఇంతా కాదు. కొత్తగా పనిలో చేరిన వాళ్ళకు నాలుగు రోజులు తిరక్కుండా ముంజేతులు, మెడ ఎర్రగా దద్దురెక్కి దురద పెట్టేది. దానికి షెడ్డులో ఒక పేరుంది, పరుపు పలకరింపు. పలకరింపు వచ్చిన మనిషి పని మానకూడదని అత్త చెప్పేది. మానితే ఒళ్ళు మర్చిపోతుంది, తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ మొదటికి వస్తుంది. రోజూ చేతులు పెడుతూ పోతే దానంతట అదే తగ్గిపోతుంది. అలా తగ్గిపోయిన వాళ్ళను ఎంతమందిని చూసిందో! దురద విషయంలో ఆమెకు ఎవరి సలహా అక్కర్లేదు.

కోడలికి ఎనిమిదో నెల వచ్చింది. కడుపు కుట్టుమిషను బల్లకు తగులుతోంది, తొక్కుడు పలక మీద కాళ్ళకు నీరు పడుతోంది. అత్త అది గమనించి, ఆమెను మిషను మీద నుంచి లేపింది. షెడ్డు తలుపు దగ్గర గాలి బాగా ఆడే చోట కుర్చీ వేయించి, ఒళ్ళో పట్టేంత చిన్న దిండ్లు ఇచ్చి, అంచులు చేత్తో కుట్టమంది. ముక్కుకు గుడ్డ కట్టింది. వీపు వెనక ఒక దిండు కూడా పెట్టింది.

వారం తిరక్కుండా కోడలు అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది.

"వచ్చిందర్రా పలకరింపు!" అంది గుండీలమ్మ, పరుపు మీద మోకాలు పెట్టి దారం లాగుతూ. "రెండేళ్ళు ముందు గదిలో రాణీగారిలా దాక్కున్నావు. పరుపు ఊరుకుంటుందా పిల్లా? వెతుక్కుంటూ వచ్చి మరీ పలకరించింది."

"పలకరిస్తే పలకరించింది పిన్నీ, కూర్చుని కబుర్లు చెబుతోంది. పోనంటోంది," అంది కోడలు నవ్వుతూ.

అత్త అటువైపు తల కూడా తిప్పలేదు. కత్తెరతో పాత కుట్లు కోస్తూనే, "పని మానకు. పోతుంది," అంది.

కోడలు మానలేదు. ఆ ఇంటికి వచ్చిన కొత్తలో మెత్తటి చేతుల పిల్ల అని అందరూ ఆటపట్టించారు. ఆ మాట ఆమె మనసులో ఎక్కడో ఉండిపోయింది. ఇప్పుడు దురద అని మూలిగితే మళ్ళీ అదే మాట వస్తుందని పెదవి బిగబట్టింది. పొద్దున్నే లేచి, చన్నీళ్ళు నింపిన స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. ఏం చేస్తున్నావని మొగుడు అడిగితే, చల్లగా హాయిగా ఉందనేది. ఆమె సరిగా నిద్రపోవడం లేదని అతనికి తెలుసు. కడుపు బరువుకు అందరికీ అలాగే ఉంటుందని అతను అనుకున్నాడు.

అలా రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఒక హాస్టలు వాళ్ళ పరుపులు సాయంత్రానికల్లా దింపాలని షెడ్డంతా హడావిడిగా ఉంది. మిషను మోగుతోంది, దూది గాలిలో తేలుతోంది. దబ్బనం ఒకటి చేయి జారి దొర్లిపోతే, అత్త వంగి దాన్ని వెతుకుతూ తలుపు దాకా వచ్చింది. కోడలి కుర్చీ కింద చూసి ఆగిపోయింది.

కుర్చీ కింద బకెట్టు ఉంది. బకెట్టులో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో కోడలి రెండు కాళ్ళూ ఉన్నాయి. బూట్లు పక్కన పడున్నాయి.

"ఇదేంటే? బూట్లేవి? దబ్బనం గుచ్చుకుంటే ఎవరు తీస్తారు?" అని గొంతు పెంచింది అత్త.

కోడలు ఉలిక్కిపడి కాళ్ళు పైకి తీసింది. "ఒక్క నిమిషం అత్తయ్యా. వేసేసుకుంటున్నా. అరికాళ్ళు మరీ మండిపోతుంటే..."

"మంటా, దురదా?"

"దురదే. అరచేతుల కంటే అరికాళ్ళలోనే ఎక్కువ. మెట్టు అంచుకేసి రుద్దుకుంటే తప్ప ఆగట్లేదు."

అత్త వంగినదల్లా అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కోడలి తడికాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరికాలంతా గీరుకున్న చారలే. అక్కడక్కడ తోలు లేచి ఉంది. దద్దురు మాత్రం ఒక్కటీ లేదు. చేతులు చాపమంది. అరచేతుల్లోనూ గోటి గీతలే. ముంజేతులు నున్నగా ఉన్నాయి. మెడ మీది బట్ట తొలగించి చూసింది. మెడా నున్నగానే ఉంది.

ఇన్నేళ్ళలో అత్త చూసిన పలకరింపులన్నీ ముంజేతులకూ మెడకూ వచ్చినవే. అరచేతి తోలు మందం, దుమ్ము దాన్ని ఏమీ చేయలేదు. ఇక అరికాలి సంగతి చెప్పేదేముంది! మేజోడు, దాని మీద బూటు. ఆ షెడ్డులో ఏ పరుపు దుమ్మూ ఎవరి అరికాలినీ తాకింది లేదు. తాకకుండా చూసింది తనే.

"ఇన్నాళ్ళూ కాళ్ళ సంగతి చెప్పలేదేం?"

"చేతుల సంగతి చెప్పాగా. పని మానకు, పోతుందన్నారు."

ఆ పిల్ల మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. చెప్పినది చెప్పినట్టు చేశానన్న అమాయకత్వమే ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఇంకేమన్నా ఉందా? దాచకుండా చెప్పు."

కోడలు సిగ్గుపడుతూ గొంతు తగ్గించింది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోందని, నీళ్ళు తక్కువ తాగుతున్నానేమో అనుకున్నానని చెప్పింది. విరేచనం చూస్తే తెల్లబారిపోయి సుద్దలా ఉంటోంది. నూనె వేసినదేదీ తినబుద్ధి కావడం లేదు. "వచ్చే వారం ఎలాగూ డాక్టరమ్మ రమ్మందిగా అత్తయ్యా. అప్పుడు చెబుదామని..."

"బిడ్డ కదులుతోందా?"

"కదులుతోంది. పొద్దున కూడా తన్నింది."

అత్త లేచి నిలబడింది. చేతులకున్న దూది దులుపుకుని, ముందు గదిలోకి వెళ్ళి, కోడలి తల్లికి ఫోను చేసింది. వియ్యపురాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే మామూలుగా కూరగాయలతో మొదలై మోకాళ్ళ నొప్పులతో ముగిసేది. ఈసారి అత్త కూరగాయల జోలికి పోలేదు.

"వదినగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు కడుపుతో ఉన్నప్పుడు మీకు ఒళ్ళు దురద పెట్టిందా? అరచేతులు, అరికాళ్ళు?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"పెట్టింది వదినగారూ," అంది ఆమె. "దీని కంటే ముందు ఒకటి పుట్టింది, మీకు తెలియదు. దానప్పుడు దువ్వెన పెట్టి గీరుకునేదాన్ని. వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగమన్నారు. నెలలు నిండాక ఒక రోజు కదలడం మానేసింది. పుట్టింది గానీ ఏడవలేదు. దీనప్పుడు దురద వచ్చింది గానీ, తొందరగా నొప్పులొచ్చి ముందే పుట్టేసింది. ఎందుకడుగుతున్నారు? అమ్మాయికేమైంది?"

"ఏమీ కాలేదు. ఏమన్నా కాకముందే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను," అని అత్త ఫోను పెట్టేసింది. ముఖం మామూలుగా పెట్టుకుని బయటికి వచ్చింది.

"మిషను ఆపరా!" అని కొడుకును కేకేసింది.

మిషను ఆగితే షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ వేళ అందరికీ తెలిసింది. పనివేళల్లో అది ఎన్నడూ ఆగింది లేదు.

"మరి హాస్టలు పరుపులు?" అన్నాడు పెద్దాయన వ్యాను దగ్గర నుంచి.

"హాస్టలు పిల్లలు ఒక్కరోజు కింద పడుకుంటే అరిగిపోరు. వ్యానులో ఉన్నవి దింపెయ్. ఒక పరుపు మాత్రం ఉంచు, పిల్లకు కుదుపు తగలకుండా."

"అత్తా, నేను చూసుకుంటా వెళ్ళు," అంది గుండీలమ్మ. పలకరింపు అని ఎగతాళి చేసిన నోరు అప్పటికే మూతపడిపోయింది. కోడలి బూట్లు తీసి తుడిచి ఇచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోడలు చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. చేతులూ కాళ్ళూ చూసింది, కళ్ళ కింది రెప్ప లాగి చూసింది. కడుపు మీద ఒక పట్టీ కట్టించి, బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టు ఆ చప్పుడు గదంతా నిండింది. అత్త ఊపిరి పీల్చుకుంది. రక్తం తీసుకున్నాక డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"కాలేయంలో పిత్తరసం అని ఒకటి తయారవుతుందమ్మా. సన్నని గొట్టాల్లోంచి పేగుల్లోకి పోయి, తిన్న కొవ్వును అరిగిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి ఆ పారుదల మందగిస్తుంది. కిందికి పోవాల్సిన రసం వెనక్కి రక్తంలో చేరుతుంది. దాని వల్లే ఈ దురద. లోపలి నుంచి వచ్చేది కాబట్టి పైన దద్దుర్లు కనబడవు. విరేచనానికి రంగునిచ్చేదీ అదే రసం. పేగుల్లోకి చేరక అక్కడ రంగు పోయింది, మూత్రంలో తేలింది."

అత్త చేత్తో గాలిలో గొట్టం గీసి చూపించింది. "మా షెడ్డులో దుమ్ము లాగే గొట్టం ఉందమ్మా. దాని చివర సంచి ఉంటుంది. సంచి నిండి గాలి ఆడకపోతే దుమ్మంతా తిరిగి మా మొహాల మీదికే వస్తుంది. ఇదీ అంతేనా?"

"దగ్గరగా చెప్పారు. కాకపోతే ఇక్కడ సంచి విప్పి దులపలేం. కాన్పయితేనే సర్దుకుంటుంది. ఆ గొట్టాల్లో రాయేదన్నా అడ్డం పడిందేమో స్కాను కూడా చేసి చూస్తాను. అన్ని దురదలూ ఇదే కావు, రక్తపరీక్ష వచ్చాక ఖాయంగా చెబుతాను."

"బిడ్డకు?" అన్నది కోడలు. ఆ గదిలోకి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట అది.

డాక్టరమ్మ కళ్ళు తిప్పుకోలేదు. "నీకు పెద్ద ప్రమాదం లేదు. జాగ్రత్తంతా బిడ్డ గురించే. రక్తంలో ఆ పిత్తరసపు ఆమ్లాలు బాగా పెరిగిపోతే, ఆఖరి వారాల్లో ఒక్కోసారి బిడ్డ గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. చాలామందికి అలా జరగదు. జరగనివ్వకూడదనే వారం వారం రక్తం చూస్తాం. లెక్క పెరిగితే నెలలు నిండేదాకా ఆగం, ముందే కాన్పు చేయిస్తాం. కదలిక తగ్గిందనిపిస్తే మాత్రం తెల్లారనీ, అడిగి చూద్దాం అని కూర్చోవద్దు. వెంటనే వచ్చెయ్."

"మా అమ్మకు..." అంటూ కోడలు ఆగిపోయింది. వ్యానులో వస్తూ అత్త ఆమెకు చెప్పేసింది. దాచి ఉంచే తీరు అత్తది కాదు.

"అది కూడా రాసుకున్నాను," అంది డాక్టరమ్మ. "తల్లికి ఉంటే కూతురికి వచ్చే వీలు ఎక్కువ. మీ అత్తగారు ఫోను చేసి అడగడం మంచిదైంది."

అత్త తల అడ్డంగా ఊపింది. "రెండు వారాలు ఆలస్యంగా అడిగానమ్మా," అంది.

రక్తపరీక్షలో అనుకున్నదే తేలింది. స్కానులో రాళ్ళేమీ కనబడలేదు. దురద కాస్త తగ్గడానికి మందు ఇచ్చారు. అది వేసుకున్నా పూర్తిగా పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది, చెప్పినట్టే పోలేదు. అత్త ఇంట్లో మెట్టు అంచుకు దూది గుడ్డ చుట్టి కుట్టేసింది, కోడలు కాలు చీల్చుకోకుండా. తడి గుడ్డలు మడిచి చల్లటి పెట్టెలో పెట్టేది, ఒకటి వేడెక్కగానే ఇంకొకటి ఇచ్చేది. గోళ్ళు తనే కత్తిరించింది.

"నన్ను చంటిపిల్లను చేసేస్తున్నారు అత్తయ్యా," అనేది కోడలు.

"చంటిది వచ్చేదాకా ఎవరో ఒకరికి చెయ్యాలిగా. చేతులు ఊరుకోవు."

కోడలు ఇప్పుడు షెడ్డులోకి రావడం లేదు. మధ్యాహ్నాలు పక్కకు తిరిగి పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకునేది. బిడ్డ తన్నినప్పుడల్లా కిటికీలోంచి "ఆఁ!" అని కేక పెట్టేది. మిషను మోతలో అది వినపడదని కొడుకు ఇంటి కిటికీకీ షెడ్డుకూ మధ్య ఒక దారం లాగి, చివర చిన్న గంట కట్టాడు. గంట మోగితే గుండీలమ్మ అక్కడి నుంచే, "తన్నవే తల్లీ, తన్ను! ఇంకో రెండు తగిలించు!" అని అరిచేది. పెద్దాయన మాత్రం వ్యానును దూరాలకు తీసుకెళ్ళడం మానేశాడు. అడిగితే బ్రేకులు బాగాలేవనేవాడు.

మూడో వారం రక్తపరీక్షలో లెక్క పైకి పాకింది. డాక్టరమ్మ ఫోను చేసి, ఇక ఆగొద్దు, మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకుని రమ్మంది.

మర్నాడంతా అత్త కాన్పు గది బయట బల్ల మీద కూర్చుంది. చేతిలో పని లేకుండా కూర్చోవడం ఆమెకు తెలియదు. తన పమిట చెంగు అంచు ఊడిన చోట దారాలు లాగుతూ, మళ్ళీ ముడేస్తూ ఉంది. పక్కన వియ్యపురాలు. ఒకసారి వియ్యపురాలు, "నా కాలంలో ఎవరన్నా ఇలా అడిగుంటే వదినగారూ..." అంది. అత్త ఆమె చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

సాయంత్రం ఎండ కిటికీ గాజు మీదికి దిగే వేళకు లోపల ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, కోపం వచ్చినట్టు పెద్దదైంది.

"ఏడిచింది!" అని వియ్యపురాలు లేచి నిలబడింది. "వదినగారూ, ఏడిచింది!"

ఆడపిల్ల. కాస్త చిన్నగా ఉంది, అంతే. రెండు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి ఇచ్చేశారు. కోడలి దురద ఎవరో దీపం వత్తి దించినట్టు తగ్గుతూ వచ్చింది. ఇంటికి వచ్చేసరికి గీతలే మిగిలాయి. కొన్నాళ్ళ తరవాత మళ్ళీ రక్తం చూస్తే కాలేయం తన పనిలో తాను పడిందని తేలింది. మళ్ళీ కడుపుతో ఉంటే ఈ దురద తిరిగి రావచ్చని, అప్పుడు మొదటి రోజే రమ్మని డాక్టరమ్మ చెప్పి పంపింది. పిల్లలు కలగకుండా మాత్రలు వేసుకోవాలన్నా తనను అడక్కుండా వేసుకోవద్దంది.

కొంతకాలానికి షెడ్డులోకి దూది విప్పే పనికి ఒక కొత్త మనిషి వచ్చింది. నడివయసుది, మాటకారి. మూడో రోజుకే ముంజేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. గుండీలమ్మ నోరు తెరిచింది గానీ, పలకరింపు అన్న మాట సగంలోనే మింగేసి అత్త వైపు చూసింది.

అత్త కత్తెర కింద పెట్టింది. వచ్చి ఆమె చేతులు వెలుతురులో పెట్టి చూసింది. ముంజేతుల మీద దద్దుర్లు, మెడ మీద దద్దుర్లు. అరచేతులు తిప్పి చూసింది.

"బూట్లు విప్పు," అంది.

"అయ్యో, బూట్లు లేకుండా లోపలికి రావద్దన్నారుగా అత్తా!"

"నేనే అన్నాను, నేనే విప్పమంటున్నాను. ఆ బల్ల మీద కూర్చుని విప్పు."

కొత్త మనిషి బిక్కమొహం వేసుకుని మేజోళ్ళు కూడా లాగింది. అత్త నేల మీద కూర్చుని రెండు అరికాళ్ళూ వేలితో తడిమి చూసింది. తలుపు దగ్గర చంటిదాన్ని భుజాన వేసుకుని నిలబడ్డ కోడలు ఆ దృశ్యం చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఏమైనా దొరికిందా అత్తయ్యా?"

"మట్టి దొరికింది. కాళ్ళు కడుక్కోదనుకుంటా," అంది అత్త లేస్తూ. "ఇది పలకరింపే. పని మానకు, పోతుంది. పోకపోయినా, కాళ్ళలోకి దిగినా, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, నా దగ్గరికి వచ్చి చెప్పు. నేను వినకపోతే నా చెయ్యి పట్టుకుని లాగి మరీ చెప్పు."

అని కొడుకు వైపు తిరిగి, "గొట్టం సంచి నిండింది, చూశావా? దులుపు," అంది.

ఇది రాసింది నేనే, గుండీలమ్మను. నేను కళ్ళారా చూడనిది అత్తా కోడలూ చెప్పగా రాశాను. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఆ షెడ్డు వెనక అత్త ఇంటి మెట్ల కింది గదిలో ఉంటున్నాను. మెట్టు అంచుకు అత్త కుట్టిన దూది గుడ్డ ఇంకా అలాగే ఉంది.